పది పదాలు, ఒక గుండిగ

మా బడి ఏ ఊళ్ళో ఉందో చెప్పను. చెబితే ఆ ఊరి పేరు మీద ఇంకో మెమో వస్తుంది, దానికి మళ్ళీ నేనే సంజాయిషీ రాసుకోవాలి. రెండు గదులు, ఒక వరండా, అరవై ముగ్గురు పిల్లలు, ఇద్దరు ఉపాధ్యాయులు, ఒక వంటామె. ఇదీ మా సంస్థానం. ఇద్దరు ఉపాధ్యాయుల్లో ఒకణ్ణి నేను, పేడాడ జగన్నాథం, ప్రధానోపాధ్యాయుణ్ణి. రెండో ఆవిడ కామాక్షి టీచరు. మూడో టీచరును ఇవ్వండి మహాప్రభో అని ఆరేళ్ళుగా రాస్తున్నాను. ‘పరిశీలనలో ఉన్నది’ అని ఆరుసార్లు జవాబు వచ్చింది. అంత శ్రద్ధగా పరిశీలిస్తున్న వాళ్ళను తొందరపెట్టడం బాగుండదని నేనూ ఊరుకున్నాను.

వంటామె పేరు సన్యాసమ్మ. పంతొమ్మిదేళ్ళుగా ఆ పొయ్యి దగ్గరే ఉంది. మా ఊళ్ళో తల్లిదండ్రులు తెల్లారేసరికి జీడితోటల్లోకి పనికి పోతారు. పిల్లలు పొద్దున ఇంత అంబలి తాగి వస్తారు. ఆ తర్వాత వాళ్ళ కడుపులో పడేది మధ్యాహ్నం బడిలో పెట్టే అన్నమే. నా పాఠాల కోసం బడికి వచ్చేవాళ్ళు కూడా ఉన్నారని నేను అనుకుంటూ ఉంటాను. అలా అనుకోకపోతే ఉద్యోగం చెయ్యలేం.

బడికి ఒక పెద్ద గుండిగ ఉంది. ఇటూ అటూ రెండు చెవులు. అరవై ముగ్గురికి అన్నం ఒక్క వాయిలో ఉడుకుతుంది. దాన్ని ఎత్తాలంటే ఇద్దరు కావాలి. సన్యాసమ్మ ఒక చెవి పట్టుకుని, ఎవరు కనిపిస్తే వాళ్ళను రెండో చెవి పట్టమంటుంది. నేను పట్టాను, పోస్టుమాను పట్టాడు, ఒకసారి జనాభా లెక్కలకు వచ్చిన గుమస్తా కూడా పట్టాడు. ఆవిడ ఆ మాటన్నాక కాదన్నవాణ్ణి నేను చూడలేదు.

ఇలాంటి బడికి జూన్ నెలాఖరున ఒక ఉత్తర్వు వచ్చింది. నలభై మూడు పేజీలు. పథకం పేరు ‘త్ర్యక్షరి’. ఆ పేరు తిన్నగా పలకడానికే మాకు రెండు రోజులు పట్టింది. సంగతేమిటంటే, చాలా పైస్థాయి అధికారి ఒకరు ఏదో పర్యటనలో ఉండగా ఒక పసివాడు పిల్లిని చూసి ‘క్యాట్’ అన్నాడట. అధికారి అక్కడికక్కడే కదిలిపోయారట. మన పిల్లలు ఇంగ్లీషులో వెనకబడ్డారంటే కారణం పొడుగు మాటలేననీ, మూడక్షరాల మాటలు పట్టించేస్తే మిగతా భాష దానంతట అదే వచ్చి పడుతుందనీ ఆయనకు తోచింది. వెంటనే మాటలను కుటుంబాలుగా విడగొట్టారు. చివర ఏ, టీ అక్షరాలు వచ్చేవన్నీ ఒక కుటుంబం. మొదటి దశ ఆ కుటుంబానిది. పది పదాలు, పక్కన పది అర్థాలు, కింద గుండ్రటి ముద్ర.

ఇంతవరకూ నాకు పేచీ లేదు. క్యాట్ అంటే పిల్లి, ర్యాట్ అంటే ఎలక అని నేనూ ఇరవై ఆరేళ్ళుగా చెబుతూనే ఉన్నాను. అసలు కథ పంతొమ్మిదో పేజీలో ఉంది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

‘బొమ్మను జూచి నేర్చిన విద్యార్థి బొమ్మనే నేర్చును గాని వస్తువును నేర్వడు. కావున ప్రతి పాఠశాలయందును ఒక గదిని పదశాలగా ప్రకటించి, జాబితాయందలి పది పదములకు చెందిన వస్తువులను, క్రియలను సాక్షాత్తుగా అందు నిలుపవలెను. పదశాలకు చేరిన వస్తువు నాటినుండి పదముగానే పరిగణింపబడును. దానిని ఇతర ప్రయోజనములకు వాడరాదు.’

దాని కిందే ఇంకో వాక్యం. ‘పాఠశాల ఆవరణయందు పనిచేయు ప్రతి వ్యక్తియు, బోధనేతర సిబ్బందితో సహా, పది పదములను అర్థసహితముగా అప్పజెప్పవలెను.’ మా బడిలో బోధనేతర సిబ్బంది అంటే సన్యాసమ్మ ఒక్కతే.

ఈ పథకానికి మండలానికొక పదాధికారిని వేశారు. మాకు వచ్చినాయన పేరు చింతాడ సుదర్శనరావు. అంతకుముందు మరుగుదొడ్ల పథకంలో ఉండేవారు. అక్కడా ఇంతే అంకితభావంతో పనిచేశారని చెప్పుకుంటారు. జూలై మొదటి వారంలో ప్రధానోపాధ్యాయులందరినీ మండల కేంద్రానికి పిలిచి కూర్చోబెట్టారు.

“మిత్రులారా, ఇది కేవలం పథకం కాదు, ఒక పద విప్లవం” అని మొదలుపెట్టి, పది పదాలూ చదివారు. బ్యాట్, క్యాట్, ర్యాట్, మ్యాట్, హ్యాట్, ఫ్యాట్, వ్యాట్, శాట్, ప్యాట్, ఓట్.

ఓట్ అంటే ఒక రకం విదేశీ ధాన్యమట. జాబితా తయారుచేసిన వారు ఉదయం పూట అదే తింటారని వెనక వరసలో ఎవరో గొణిగారు. నాకు ఊరుకోబుద్ధి కాలేదు. లేచి అడిగాను.

“అయ్యా, ఈట్ అని ఇంకోటుంది కదండీ. తినడం. అదీ మూడక్షరాలే, చివర ఏ, టీ ఉన్నాయి. మా పిల్లలకు బాగా పనికొస్తుంది.”

“మంచి ప్రశ్న” అన్నారు సుదర్శనరావు గారు. “అది పదకొండోది. మనకు మంజూరైనవి పది.”

“ఒకటి తీసేసి దాన్ని పెట్టుకోవచ్చు కదండీ.”

“ఏది తీసెయ్యమంటారు మాస్టారూ, హ్యాటా? రాష్ట్రమంతా హ్యాట్ ఉండి మీ మండలంలో లేకపోతే బాగుంటుందా? రేపు మీ పిల్లవాడు ఎక్కడికో వెళ్ళి నాకు హ్యాట్ తెలీదంటే ఆ బాధ్యత ఎవరిది?”

నాది కాదని మాత్రం గట్టిగా తెలుసు. అయినా కూర్చున్నాను. నాకు రిటైర్మెంటు పద్నాలుగు నెలల్లో ఉంది. ఆ వయసులో హ్యాట్ కోసం ఎవరూ పోట్లాడరు.

ఉన్న రెండు గదుల్లో పెద్దది పదశాల అయింది. నాలుగు, ఐదు తరగతుల వాళ్ళు వరండాలోకి వచ్చారు. వాన పడితే ఐదు తరగతుల వాళ్ళూ ఒక్క గదిలోకి వస్తారు, అప్పుడు పాఠం కుదరదు, ఊరికే అందరం ఒకరినొకరం చూసుకుంటాం. ఆ సంగతి సుదర్శనరావు గారికి విన్నవించాను. “పదశాలే తరగతి గది, మాస్టారూ. మీరింకా పాత ధోరణిలో ఆలోచిస్తున్నారు” అన్నారాయన.

“అయితే పిల్లల్ని అందులో కూర్చోబెట్టమంటారా?”

“పిల్లలు ముట్టుకుంటే పదాలు పాడవుతాయి. గుమ్మం బయటనుంచి చూపించండి.”

బ్యాట్ పిల్లల దగ్గరే ఉంది. చాప సన్యాసమ్మ ఇంటినుంచి తెచ్చింది. ఫ్యాట్ కోసం ఒక వనస్పతి డబ్బా, ఓట్ కోసం పట్నంలో ఒక పొట్లం తెప్పించాను. మా ఊళ్ళో టోపీ పెట్టుకునేవాళ్ళు లేరు. చివరికి పెళ్ళిళ్ళ బ్యాండుమేళం వాళ్ళను బతిమాలి ఎర్రటి టోపీ ఒకటి సంపాదించాను, చుట్టూ జరీ, పైన కుచ్చు. అది పెట్టుకోవలసింది నేనే. ఎందుకంటే ‘ధరించని టోపీ గుడ్డయే గాని టోపీ గాదు’ అని ఇరవై నాలుగో పేజీలో ఉంది.

శాట్ అంటే కూర్చుండెను. అది వస్తువు కాదు, క్రియ. దానికి ఒక మనిషి కూర్చుని ఉండాలి. ప్యాట్ అంటే తట్టుట. దానికి ఒక మనిషి దేన్నో ఒకదాన్ని తడుతూ ఉండాలి. ఇద్దరే ఉపాధ్యాయులం కాబట్టి పంపకం తేలిగ్గానే జరిగింది. అధికారి వచ్చినప్పుడల్లా నేను జరీటోపీ పెట్టుకుని ‘శాట్ - కూర్చుండెను’ అని అట్ట కట్టిన కుర్చీలో కూర్చోవాలి. కామాక్షి టీచరు వంటపాక చుట్టూ తిరిగే పిల్లిని తట్టాలి. ఆవిడకు పిల్లులంటే భయం. పిల్లికి ఆవిడంటే భయం లేదు, అదే చిక్కు.

ఎలకను సన్యాసమ్మే పట్టింది. బియ్యం గదిలో బోను పెట్టి పంతొమ్మిదేళ్ళుగా పడుతూనే ఉంది. పట్టినదాన్ని చెరువుగట్టు అవతల వదిలేసేదో, ఇంకేం చేసేదో మేం అడిగేవాళ్ళం కాదు. ఈసారి దాన్ని బోనుతో సహా పదశాలలో పెట్టి, మేత వెయ్యాలని చెప్పాను.

“బియ్యం తినేత్తందని పట్టుకున్న ఎలక్కి బియ్యమెట్టి పెంచమంటారేటి మాస్టారూ?”

“అది ఇప్పుడు ఎలక కాదు సన్యాసమ్మా. పదం.”

“పదమైతే తినకూడదు కదా మరి” అంది. అని, తన దోసిట్లోని నూకలు నాలుగు బోనులో పోసింది.

ఉన్నది ఒక్కటే బోను. అది ప్రభుత్వ ఎలకకు నివాసమైపోయింది గనక మిగతా ఎలకలు బియ్యం గదిలో నిశ్చింతగా కాపురాలు పెట్టాయి. పిల్లి మాత్రం పొద్దస్తమానం బోను ముందు కూర్చుని కళ్ళార్పకుండా చూసేది. ఆ గదిలో శ్రద్ధగా చదువుకున్నది అదొక్కటే.

మిగిలింది వ్యాట్. జాబితాలో దాని అర్థం ‘వస్త్రములు, చర్మములు మున్నగునవి నానబెట్టు పెద్ద తొట్టి’ అని ఉంది. మా ఊళ్ళో తోళ్ళు నానబెట్టేవాళ్ళు ఎవరూ లేరు. సుదర్శనరావు గారు బడంతా కలియదిరిగి వంటపాక ముందు ఆగారు. ఎండలో బోర్లించిన గుండిగ కనపడింది.

“మీ దగ్గర ఇంత పెద్ద వ్యాట్ పెట్టుకుని దొరకలేదంటారేమిటి?”

“అది వంట గుండిగండి.”

“పరిమాణం సరిపోయింది. పదశాలకు చేర్చండి.”

సన్యాసమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. “అది పట్టుకుపోతే అన్నం దేంట్లో ఒండమంటారు బాబూ?”

“చిన్న చిన్న పాత్రల్లో వండుకోమ్మా. వికేంద్రీకరణ” అన్నారాయన. ఆ మాటకు అర్థం ఆవిడకు తెలియకపోయినా, గుండిగ పోయిందని మాత్రం తెలిసింది. నేను సంతకం పెట్టాను.

ఆవిడ కుమ్మరి ఇంటికి పోయి మూడు పెద్ద కుండలు తెచ్చుకుంది. మూడు కుండల్లో రెండేసి వాయిలు వండితేగాని అరవై మందికి చాలదు. ఒకటో తరగతి వాళ్ళు పన్నెండున్నరకు తింటే ఐదో తరగతి వాళ్ళు మూడింటికి తినేవారు. మధ్యలో వాళ్ళకు లెక్కలు చెప్పబోయి మానేశాను. కుండల వంక చూస్తున్న పిల్లలకు లెక్కలు ఎక్కవు. వాళ్ళు లెక్కపెట్టేది వేరే ఉంటుంది.

ఆగస్టులో ఒకరోజు ముసురు పట్టింది. కట్టెలు తడిసి పొయ్యి రాజుకోలేదు. రాజుకున్నాక ఒక కుండ బీటవారి ఎసరంతా పొయ్యిలో పోయింది. ఒంటిగంట అయింది. ఒకటో తరగతిలో ఇద్దరు ఏడుపు మొదలుపెట్టారు. సన్యాసమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంటూ పదశాలకు వచ్చింది. నేను అక్కడే ఉన్నాను.

“మాస్టారూ, ఆ సెవి పట్టండి.”

“వద్దు సన్యాసమ్మా, తెలిస్తే నా ఉద్యోగానికే ముప్పు.”

ఆవిడ ఒక్క క్షణం నా మొహం చూసి, వాకిట్లోకి వెళ్ళి ఎవరినో కేకేసింది. రెండో చెవి ఎవరు పట్టారో నాకు తెలీదు. చూడకుండా ఉండడానికి కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను. పంతొమ్మిదేళ్ళలో ఆవిడ మాట కాదన్న మొదటివాణ్ణి నేనేనన్న సంగతి కిటికీ దగ్గరే తట్టింది. సిగ్గేసింది. అయినా కదల్లేదు.

పిల్లలు తిన్నారు. సరిగ్గా వాళ్ళు చేతులు కడుక్కుంటున్న వేళకే సుదర్శనరావు గారి జీపు వచ్చింది. గుండిగ అడుగున మసి, లోపల మెతుకులు. ఆయన మెతుకును వేలితో తీసి చూశారు. అంత బాధ ఆయన మొహంలో నేనెప్పుడూ చూడలేదు.

“ఇది పద విధ్వంసం” అన్నారు.

వారం తిరక్కుండా సన్యాసమ్మకు నోటీసు వచ్చింది. ఆవిడకు చదవడం రాదు, నేనే చదివి వినిపించాను. ‘ప్రభుత్వ పదమును ఆహార పాకమునకు వినియోగించి మలినపరచినందున మిమ్ము ఏల తొలగింపరాదో తెలుపవలెను. అయినను మీ సుదీర్ఘ సేవను దృష్టియందుంచుకొని ఒక అవకాశము ఇవ్వడమైనది. రాష్ట్ర పర్యవేక్షకుల ఎదుట పది పదములను అర్థసహితముగా అప్పజెప్పినచో క్షమింపబడుదురు. ఒక్కటి తప్పినను తొలగింపబడుదురు. పిదప మీ పాఠశాలకు పట్టణము నుండి పొట్లముల భోజనము సరఫరా చేయబడును.’

ఆ పొట్లాలు పక్క మండలంలో ఒక బడికి వస్తున్నాయి. అవి వచ్చేసరికి పిల్లలు ఇళ్ళకు పోయి ఉంటారట. ఆ సంగతి సన్యాసమ్మకూ తెలుసు.

“ఎన్ని దినాలుంది మాస్టారూ?”

“పది రోజులు.”

“దినానికొకటి. సెప్పండి మరి.”

బీటవారిన కుండ బదులు ఇంకోటి తెచ్చుకుని, ఆవిడ కుండల ముందు కూర్చుని వండుతూ ఉంటే నేను పక్కన పీట వేసుకుని చెప్పేవాణ్ణి. నా సర్వీసులో ఇంత త్వరగా నేర్చుకున్న విద్యార్థిని చూడలేదు. కాకపోతే ఆవిడ పద్ధతి వేరు.

“మ్యాట్” అన్నాను.

“సాప. మా అత్త సచ్చిపోయేదాకా పడుకున్న సాప. మీ గదిలో ఎట్టేరు.”

“చాప అని చెబితే చాలు. అత్తగారు జాబితాలో లేదు.”

“ఎవులి సాపో అనుకోకపోతే నాకు గుర్తుండదండి. పైకి సాపనే సెప్తాను, మనసులో అత్తని అనుకుంతాను.”

“ర్యాట్?”

“ఎలక. నానట్టుకున్న ఎలక. నాకన్నా బాగా తింతంది.”

“శాట్?”

ఆవిడ కుండలో తెడ్డు తిప్పడం ఆపకుండా అంది. “కూకున్నాడు. అది మీరే కదా మాస్టారూ.”

నేను పొయ్యిలోకి ఒక కట్టె ఎగదోశాను. తరవాత ఆవిడే అడిగింది. “అన్నాన్ని ఇంగిలీసులో ఏటంతారు?”

“రైస్.”

“అది నేదేటి ఇందులో?”

“దానికి నాలుగక్షరాలు. ఇది మూడక్షరాల పథకం.”

“ఆకలికో?”

“హంగర్. ఆరు.”

“మన పిల్లలకి కావలిసినవన్నీ పొడుగు మాటలే అయిపోనాయి” అంది.

తొమ్మిది రోజుల్లో తొమ్మిది పదాలు వచ్చేశాయి. పదో రోజు వ్యాట్ దగ్గర బండి ఆగింది.

“వ్యాట్ అంటే వస్త్రాలు, చర్మాలు నానబెట్టే పెద్ద తొట్టి. చెప్పు.”

“సెర్మాలంటే?”

“తోళ్ళు.”

ఆవిడ తెడ్డు పక్కన పెట్టేసింది. “పిల్లలు తినే గుండిగలో తోళ్ళు నానెడతానని నా నోటితో నాను సెప్పాలా? పంతొమ్మిదేళ్ళు రోజూ బూడిదెట్టి తోమినాను మాస్టారూ. అద్దంలా ఉంతాది. ఆ మాట నానొల్లను.”

“ఊరికే అనడమే సన్యాసమ్మా. అది నిజమని కాదు. జాబితాలో అలా ఉంది.”

“అబద్దమని మీకూ తెలుసు కదా?”

“తెలుసు.”

“మరెందుకు సెప్పమంతారు?”

“చెప్పకపోతే పొట్లాలు వస్తాయి.”

ఆవిడ మళ్ళీ తెడ్డు తీసుకుంది. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది, ఎవరిమీదో చెప్పలేను, నా మీద కూడా కొంత ఉండి ఉంటుంది.

పర్యవేక్షకుల వారు పదకొండింటికి వస్తామని ఒకటిన్నరకు వచ్చారు. వారు వెళ్ళేదాకా పొయ్యి వెలిగించవద్దని సుదర్శనరావు గారు ముందురోజే కబురు పెట్టారు, పొగకు పదాలు మసిబారతాయని. సన్యాసమ్మ ఒక కుండలో ముందుగానే పప్పు ఉడికించి, మిగతా రెంటిలో ఎసరు నీళ్ళు పోసి, కట్టెలు పేర్చి సిద్ధంగా ఉంచుకుంది. పిల్లలు వరండాలో రెండు వరసల్లో కూర్చున్నారు. పలకడానికి నోళ్ళలో తడి లేదు వాళ్ళకు.

పర్యవేక్షకుల వారు సన్నగా, మెత్తగా మాట్లాడే మనిషి. పదశాల గుమ్మంలో నిలబడి జాబితా చేతిలో పట్టుకున్నారు.

“హ్యాట్ ఏది?”

“నా నెత్తిమీద ఉందండి” అన్నాను.

“శాట్?”

“అదీ నేనేనండి.”

“రెండు పదాలు ఒకే ఉద్యోగికా?”

“సిబ్బంది కొరతండి. ఆరేళ్ళుగా రాస్తున్నాను.”

“భేష్. మానవ వనరుల సమర్థ వినియోగం” అని రాసుకున్నారు. కామాక్షి టీచరు కళ్ళు మూసుకుని పిల్లిని తడుతోంది. ఓట్ పొట్లం అడుగున ఎలకలు చిల్లు పెట్టాయి. ‘పదమునకు స్వల్ప క్షయము’ అని రాసుకున్నారు. బోనులో ఒక్క ఎలక ఉండాల్సింది ఐదున్నాయి, నాలుగు కొత్తగా పుట్టినవి.

“జాబితాలో ఒకటే ఉంది కదా” అన్నారు పర్యవేక్షకుల వారు.

“తక్కిన నాలుగూ అనధికారికం, సార్. క్రమబద్ధీకరణకు ప్రతిపాదనలు పంపుతాం” అన్నారు సుదర్శనరావు గారు.

ఆ తర్వాత సన్యాసమ్మను పిలిచారు. ఉతికిన చీర కట్టుకుని వచ్చి, గుండిగ పక్కన చేతులు కట్టుకుని నిలబడింది. ఒక్కొక్క పదమే అడిగారు. ఒక్కటి తడబడలేదు. చాప అన్నప్పుడు ఆగి, అత్తను మనసులోనే ఉంచుకుంది. శాట్ అన్నప్పుడు నా వంక చూడలేదు. చివరికి వచ్చారు.

“వ్యాట్?”

ఆవిడ వరండా వంక చూసింది. అరవై ముగ్గురూ ఆవిడ వంకే చూస్తున్నారు. అప్పుడు సమయం రెండున్నర.

“బట్టలు, తోళ్ళు నానెట్టే పెద్ద తొట్టి” అంది సన్యాసమ్మ. చెప్పి తల దించుకుంది. ఒకటో తరగతి పిల్ల ఒకత్తె పక్కదాన్ని అడగడం నాకు వినిపించింది, “అందులో మనకి అన్నమొండేరు కదే?” అని.

పర్యవేక్షకుల వారు చప్పట్లు కొట్టారు. సుదర్శనరావు గారు ఇంకా గట్టిగా కొట్టారు. ముద్ర వేసిన యోగ్యతాపత్రం ఒకటి ఆవిడ చేతిలో పెట్టారు. ఉద్యోగం నిలబడింది. ఆవిడ దాన్ని మడిచి బొడ్లో దోపుకుని, “ఇంక పొయ్యి ఎలిగించుకోవచ్చా బాబూ?” అని అడిగింది.

“ఒక్క నిమిషం అమ్మా. శుభవార్త ఉంది” అన్నారు పర్యవేక్షకుల వారు. సంచిలోంచి కొత్త కాగితాలు తీశారు. “మొదటి దశ విజయవంతం అయింది కాబట్టి ఈ రోజు నుంచే రెండో దశ. చివర ఓ, టీ వచ్చే కుటుంబం. సుదర్శనరావు గారూ, మొదటి పదం చదవండి.”

“పాట్” అని చదివారు సుదర్శనరావు గారు. చదివి అటూ ఇటూ చూశారు. ఆయన చూపు వంటపాక మీద ఆగింది. “అదృష్టం సార్. ఇక్కడే మూడున్నాయి.”

“పాట్ అంటే ఏటండి?” అంది సన్యాసమ్మ. అందరినీ వదిలేసి నన్నే అడిగింది.

“కుండ” అన్నాను.

ఆవిడ తన కుండల వంక చూసింది. అది చూడలేక సుదర్శనరావు గారే అందుకున్నారు. “ఒక్కటి చాలు అనుకుంటాను, మిగతా రెండూ నిలవగా ఉంచవచ్చు...”

“మూడూ చేర్చండి. పదాలు విరిగిపోయే స్వభావం గలవి” అన్నారు పర్యవేక్షకుల వారు.

“మరి అన్నం దేంట్లో ఒండమంతారు?”

“అది వంట విభాగం పరిధిలోకి వస్తుందమ్మా. మాది పదాల వరకే.”

సన్యాసమ్మ రెండడుగులు వేసి గుండిగ దగ్గరికి వచ్చింది. రెండు చేతులతో ఒక చెవి పట్టుకుంది. దానికి కట్టిన అట్ట ఊగింది. “తోళ్ళు నానెడతానని సెప్పినాను” అంది, ఎవరితోనో తెలీనట్టుగా. “పిల్లలందరూ ఇనుకుంతండగా సెప్పినాను. ఇంకేటి సెప్పమంతారు నన్ను?” ఆవిడ కళ్ళనిండా నీళ్ళున్నాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

తర్వాత నా వైపు తిరిగింది. “మాస్టారూ, ఆ సెవి పట్టండి.”

సుదర్శనరావు గారు నా కుర్చీ దగ్గరికి ఒక్క అంగలో వచ్చారు. “జగన్నాథం గారూ, లేవకండి. మీరిప్పుడు శాట్. పర్యవేక్షకుల వారి ఎదుట లేస్తే పదం పోతుంది. మీ పింఛను కాగితాలు నా బల్ల మీదే ఉన్నాయి, గుర్తుంచుకోండి.”

గుర్తుంది. పద్నాలుగు నెలలు కాస్తా పన్నెండు అయ్యాయని కూడా గుర్తుంది. ఆ గదిలో కిటికీ ఏ పక్కన ఉందో కూడా గుర్తుంది. ఈసారి అటు తిరగబుద్ధి కాలేదు.

నేను లేచాను. టోపీ తీసి కుర్చీలో పెట్టాను. రెండు పదాలు ఒక్కసారే పోయాయి. గుండిగ రెండో చెవి పట్టుకున్నాను. నన్ను చూసి కామాక్షి టీచరు పిల్లిని వదిలేసింది. పిల్లి కూడా చాలా రోజులుగా ఆలోచించుకున్న పనే చేసింది. బోను తలుపు ఎలా ఊడిందో నాకు తెలీదు గాని, పర్యవేక్షకుల వారు బల్ల ఎక్కడం మాత్రం చూశాను. మేం గుండిగతో గుమ్మం దాటేసరికి పదశాలలో కదలకుండా మిగిలినవి చాప, బ్యాటు, డబ్బా, చిల్లుపడ్డ పొట్లం.

మూడుంబావుకు పిల్లలు అన్నం తిన్నారు.

నాలుగో రోజున నాకు మెమో వచ్చింది. ‘శాట్ అను పదముగా నియమింపబడిన మీరు విధి సమయమున ఏల లేచితిరో మూడు దినములలో తెలుపవలెను.’ ‘అన్నము వండుటకు లేచితిని’ అని ఒక్క ముక్క రాసి పంపాను. ‘ఈ కారణము అనుమతించిన కారణముల జాబితాలో లేదు’ అని జవాబు. నా పింఛను కాగితాలు పరిశీలనలో పడ్డాయి. అక్కడ మూడో టీచరు కోసం రాసిన ఉత్తరాలు ఎలాగూ ఉన్నాయి, వాటికి తోడు దొరికింది.

సన్యాసమ్మను మాత్రం వాళ్ళు తీసెయ్యలేకపోయారు. జిల్లాలో పది పదాలూ తప్పు లేకుండా చెప్పిన వంటామె ఆవిడొక్కతేనట. మేం రోజూ పొద్దున్నే గుండిగను పొయ్యి మీదికి చేరుస్తాం, సాయంత్రం తోమి, అట్ట కట్టి, పదశాలలో పెడతాం. కాగితాల మీద అది అక్కడినుంచి కదిలిందే లేదు.

నెల తర్వాత ఇంకో ఉత్తర్వు వచ్చింది. చదివి నా కళ్ళను నేనే నమ్మలేదు. ‘మీ పాఠశాలయందు శాట్ అను పదము ఖాళీగా నున్నందున, ఆ స్థానమున కూర్చుండుటకై ఒక ఉపాధ్యాయుని నియమించడమైనది. అతడు కూర్చుండుట మినహా బోధనాది ఇతర కార్యములు చేయరాదు.’ ఆరేళ్ళు అడిగితే రాని మూడో టీచరు అలా వచ్చాడు. బూరాడ వినోద్, పాతికేళ్ళ కుర్రాడు, లెక్కల్లో పట్టా. వస్తూనే ఉత్తర్వు కాగితం జేబులోంచి తీసి నాకు చూపించి, మళ్ళీ జాగ్రత్తగా జేబులో పెట్టుకుని, జరీటోపీ పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు.

ఆ పూట నేను వరండాలో భాగహారాలు చెబుతున్నాను. సన్యాసమ్మ పదశాలలోకి వచ్చి గుండిగకు కట్టిన అట్ట విప్పింది. ఒక చెవి పట్టుకుని అటూ ఇటూ చూసింది. నేను పనిలో ఉన్నాను. కుర్చీలో మనిషి ఖాళీగా ఉన్నాడు.

“బాబూ, ఆ సెవి పట్టు” అంది.

వినోద్ చెయ్యి జేబు మీదికి వెళ్ళింది. “నేను లేవకూడదమ్మా” అన్నాడు. ఆవిడ చెవి వదలకుండా నిలబడింది. వరండాలో పిల్లలు భాగహారం వదిలేసి అటే చూస్తున్నారు. వినోద్ గుమ్మంలోంచి నా వంక చూశాడు, ఏం చెయ్యమంటారన్నట్టు.

నేను నల్లబల్ల వైపు తిరిగి లెక్క రాయడం మొదలుపెట్టాను. రెండో అంకె వేస్తుండగా వెనక కుర్చీ కిర్రుమన్న చప్పుడు వినిపించింది. ఆ పూట పిల్లలు పన్నెండున్నరకే అన్నాలు తిన్నారు.